మూసిన దారిలో నంబరు ఒకటి

పొద్దున కిటికీ తెరవకముందే ఆ మోత లోపలికి వచ్చేస్తుంది. మంచుగడ్డలోకి డ్రిల్లు దిగుతున్న మోత. మొదట గరగరమంటుంది. కాస్త లోతుకు పోయాక, బిందె నిండుతున్నప్పుడు మారినట్టు గొంతు మారుతుంది. ఆగుతుంది. ఒక ఊపిరి తీసుకునేంత నిశ్శబ్దం. మళ్ళీ ఇంకో చోట గరగర.

హింటర్‌ఎగ్‌లో చలికాలపు ఆదివారం ఇలాగే తెల్లవారుతుంది, సూర్యుడి వల్ల కాదు. మా ఊరు కొండ నీడలో ఉంది. నవంబరులో ఒకరోజు సూర్యుడు మా వెనక శిఖరం చాటుకు పోతాడు, ఫిబ్రవరి దాకా మళ్ళీ మా ఇళ్ళ కప్పుల మీద కాలు పెట్టడు. లోయకు అవతలి ఒడ్డున ఉన్న సోన్‌బర్గ్ వాళ్ళకు మాత్రం రోజంతా ఎండే. వాళ్ళు ముంగిట బల్లలేసుకుని, చొక్కా చేతులు మడిచి, కాఫీ తాగుతూ మా వైపు చూస్తుంటారు, బావిలోకి తొంగి చూసినట్టు. కానీ ఎండ వాళ్ళకిచ్చిన దేవుడు మంచు మాకిచ్చాడు. వాళ్ళ మంచు మధ్యాహ్నానికల్లా గంజి అవుతుంది. మాది గాజులా నిలుస్తుంది. అందుకే లోయలో జరిగే స్కీ పందేలలో సగం మా వాలు మీదే.

డ్రిల్లు వెనక ఉన్న మనిషి కనపడాలంటే ఇంకాస్త వెలుగు రావాలి. ముందు ఒక ఎర్ర ఉన్ని టోపీ కనిపిస్తుంది. తర్వాత భుజాన పొడవాటి గడల కట్ట, ఎర్రవీ నీలివీ. ఆ గడల మధ్య నుంచే పందెం ఆడేవాళ్ళు వంకర్లు తిరుగుతూ దిగాలి. జత గడల మధ్య సందునే గేటు అంటాం. ఒక్క గేటు తప్పినా పందెంలో లేనట్టే. గుంత తవ్వి, గడ దించి, బూటు మడమతో చుట్టూ అదిమి, ఓ అడుగు వెనక్కి వేసి తల పక్కకు వంచి చూస్తుంది ఆ మనిషి, గోడకు పటం తగిలించి చూసుకున్నట్టు. ఆవిడే నోట్‌బుర్గా క్రానెవిట్టర్. లోయంతటికీ బుర్గి. వారమంతా ఇళ్ళకు ఉత్తరాలు పంచుతుంది. ఆదివారం కొండకు గడలు పంచుతుంది.

ఉత్తరాలతోపాటు ఉచితంగా సలహాలు కూడా. పిల్లను పందేలకు పంపాలంటే ఏం చేయాలని ఎవరైనా గుమ్మంలో అడిగితే, సంచీ కింద పెట్టి మరీ చెప్తుంది.

"ముందు ఊరి క్లబ్బులో చేర్చు. క్లబ్బు లేకుండా ఎంత బాగా జారినా నిన్ను పట్టించుకునే వాడుండడు. తర్వాత డాక్టరు దగ్గరికెళ్ళి ముద్ర వేయించు. అప్పుడు ప్రాంతీయ సంఘం లైసెన్సు కార్డు ఇస్తుంది. పందెం ముందురోజు సాయంత్రం సత్రంలో క్లబ్బులవాళ్ళు కూచుంటారు, నీ పిల్ల పేరు మనవాళ్ళే చెప్తారు, నంబర్లకు చీటీలు తీస్తారు. మొదటి ఏడాది చివరి నంబర్లే వస్తాయి. ముందు దిగినవాళ్ళు చెక్కేసిన గాడిలో దిగాలి. ఏడుస్తుంది. ఏడవనీ. పందేలలో బాగా దిగేకొద్దీ ముందుకు జరుగుతుంది."

ఇంత తెలిసిన మనిషి జీవితంలో ఒక్క పందెం ఆడలేదు. ఇంట్లో అన్నలు ముగ్గురు, స్కీలు రెండు జతలు. బుర్గి వంతు వచ్చేసరికి స్కీలతోపాటు చేతికి పార కూడా వచ్చింది. స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి, గడప ముందు చీపురు లాగినట్టు, ఎగుడుదిగుడు మంచును తుడుచుకుంటూ జారడం ఆ పిల్లకు ఎంత బాగా వచ్చిందంటే, అప్పటి క్లబ్బు పెద్ద అన్నాడట: "ఇంత మంచి పనిమంతురాలిని పందెంలో పెట్టి పాడుచేసుకుంటామా?" పొగడ్తే. బుర్గి కూడా పొగడ్త అనే అనుకుంది. కొన్ని పొగడ్తలు చలికోటు లాంటివి. తొడిగించుకున్నాక ఎన్నో చలికాలాలకు గాని విప్పడం గుర్తు రాదు.

పోయిన శరదృతువులో గుర్తొచ్చింది. లోయ కప్పు అనే పోటీ మాకొకటి ఉంది. లోయలోని ఊళ్ళన్నీ చలికాలమంతా ఒకరి వాలు మీద ఒకరు పందేలు ఆడి, పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ప్రతి వయసు గుంపులోనూ పాయింట్లు కూడబెట్టాలి. ఏ గుంపులోనైనా మనిషి లేకపోతే అక్కడ సున్నా. అరవై దాటిన ఆడవాళ్ళ గుంపులో మాకున్నది జీటా ఒక్కతే. జీటాకు ఆ వేసవిలో ఆపరేషన్ చేసి తుంటి కీలు మార్చారు.

క్లబ్బు మీటింగులో అందరూ బీరు గ్లాసుల్లోకి చూస్తూ కూచున్నారు. తర్వాత ఒక్కొక్కరే తలెత్తి బుర్గి వైపు చూడటం మొదలుపెట్టారు. జూన్‌లోనే ఆవిడ అరవయ్యో పుట్టినరోజు కేకు అందరూ తిన్నారు మరి.

"నేనా? పందెం దారి బాగోగులు ఎవరు చూస్తారు?" అంది బుర్గి.

"నేను చూస్తాను," అన్నాడు పాలకేంద్రంలో పనిచేసే ఆల్బన్. "పాలు విరగకుండా చూసేవాణ్ణి, నాలుగు గడలు చూడలేనా?"

"గడలు విరుగుతాయి కూడా."

కాసియన్, అంటే బుర్గి మొగుడు, ఇంట్లో నోరు విప్పని మనిషి. వేసవిలో అతను మాట్లాడిన మాటలన్నీ ఒక పోస్టుకార్డులో పడతాయని బుర్గే అంటుంది. కానీ పందెం రోజున మైకు చేతికిస్తే చాలు, జలపాతం. ఆ రోజు మైకు లేకపోయినా ఒక మాట అన్నాడు.

"ఉత్తరాల సంచీ మోసే మోకాళ్ళు. పనిచేస్తాయి."

మర్నాడు మా ఇంటికి ఉత్తరాలు తెచ్చినప్పుడు బుర్గి గుమ్మంలో నిలబడిపోయింది. పందేల్లో గడియారం చూసేది నేనే కాబట్టి నాతో చెప్పడం సులువనుకుందేమో.

"బయలుదేరే చోట ఆ చిన్న కర్ర అడ్డంగా ఉంటుంది చూడు, దాన్ని మోకాలితో తోసుకుని బయటికి వస్తేనే నీ గడియారం మొదలవుతుంది కదా. నా ఎదురుగా ఎంతమంది తోసుకుని వెళ్ళారో! ఒక్కసారి, చచ్చేలోగా ఒక్కసారి, నేను తోసుకుని రావాలి. అటువైపు నుంచి కొండ ఎలా కనపడుతుందో చూడాలి." అని, సిగ్గుపడి, ఎదురింటివాళ్ళ కరెంటు బిల్లు నాకిచ్చి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తన గుమ్మం సలహాలన్నీ బుర్గి తన మీదే ప్రయోగించుకుంది. డాక్టరు గుండె విన్నాడు. "గుండె బంగారంలా ఉంది బుర్గీ. మోకాళ్ళే కాస్త..." అనబోయాడు.

"మోకాళ్ళ సంగతి నేనడిగానా? ముద్ర వెయ్యి."

జీటా తన పందెం దుస్తులు అరువిచ్చింది. ఒంటికి అతుక్కునే బట్ట, మొదట్లో ఏ రంగో చెప్పలేనంత పాతది. బుర్గి అందులో దూరి, ఊపిరి బిగబట్టి, వంటింట్లోకి వచ్చి నిలబడింది.

కాసియన్ పైనుంచి కింది దాకా చూశాడు. "సాసేజీ."

"ఇంట్లో నెలకో మాట మాట్లాడతావు, ఈ నెల మాట ఇదా?"

"మంచి సాసేజీ," అన్నాడు కాసియన్. అది వచ్చే నెల మాట.

జనవరి చివర మా వాలు మీద పందెం. ముందురోజు సాయంత్రం సత్రంలో నంబర్లు తీశారు. సోన్‌బర్గ్ క్లబ్బు పెద్ద రోమెడ్ ప్లాట్నర్ వచ్చాడు, ఎండకు కాలిన మొహంతో, కొత్త రాగి చెంబులా. అతనూ బుర్గీ ఒకే బడిలో చదివారు. అతనూ మర్నాడు అరవై దాటిన మగవాళ్ళలో దిగబోతున్నాడు.

"ఏమే బుర్గీ, పందెమటగా! నేలమాళిగలో మొలకెత్తిన బంగాళాదుంపలా ఉన్నావు. రేపు ఎండ తగిలితే ఏమైపోతావో!"

"మా వాలు మీద ఎండెక్కడిదిరా? నువ్వే చూసుకో, చీకట్లో పందెం ముగిసే గీత ఎక్కడుందో తెలీక ఇంకో ఊళ్ళో తేలేవు."

ప్రాంతీయ సంఘం తరఫున పందెం సక్రమంగా జరిగేలా చూడటానికి ఎల్మార్ అనే కుర్ర న్యాయనిర్ణేత వచ్చాడు. కింది పట్టణం మనిషి. మర్యాదగా లేచి నిలబడి, "మీరేనా క్రానెవిట్టర్ గారు?" అన్నాడు.

"వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక మా కొండల్లో మీరూ గారూ ఉండవు నాయనా. కూచో. బుర్గి అను."

పెద్దవాళ్ళ పందెంలో ముందు దిగేది వయసు మీరిన ఆడవాళ్ళే. వాళ్ళలో చీటీ తీస్తే బుర్గికి నంబరు ఒకటి వచ్చింది. ఎవరూ తొక్కని దారి. ఆ నంబరు గుడ్డను బుర్గి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ముద్దల సూప్ తాగుతున్నంతసేపూ, మీద ఒక్క చుక్క పడకుండా, దాని మీద ఒక అరచెయ్యి కప్పే ఉంచింది.

మర్నాడు పొద్దున డ్రిల్లు మోత వినిపించింది గాని అది బుర్గిది కాదు. ఆల్బన్ డ్రిల్లుకు లయ తెలీదు, దగ్గినట్టుంటుంది. కొండంతా నీలంగా, ఇంకా ఎవరూ చదవని ఉత్తరంలా పరుచుకుని ఉంది. పందెం ముందు దారి చూసుకోవడానికి ఆడేవాళ్ళకు కాస్త సమయమిస్తారు. గేట్ల పక్కగా మెల్లగా జారుతూ, ఎక్కడ తిరగాలో, ఎక్కడ వంగాలో చేతులాడిస్తూ గుర్తుపెట్టుకుంటారు. అందరూ గాలిలో ఏదో పిండి పిసుకుతున్నట్టుంటుంది. తర్వాత వాళ్ళందరినీ దారి నుంచి తప్పిస్తారు. మైకులో కాసియన్ గొంతు మోగుతుంది: "దారి మూశాం! దారి మూశాం!" అప్పటి నుంచి నంబరు వేసుకున్నవాళ్ళెవరూ దారిలో అడుగు పెట్టకూడదు. పెడితే పందెంలో లేనట్టే. గడలు సరిచేసే పనివాళ్ళు తప్ప.

ఇక్కడే జరిగింది.

బుర్గి పైన బయలుదేరే గుడిసె పక్కన నిలబడి ఉంది, రొమ్ము మీద నంబరు ఒకటి, తల మీద జీటా హెల్మెట్. కింద ఐదో గేటు దగ్గర, దారి చూసుకున్నవాళ్ళు తోసిన మంచు చిన్న దిబ్బలా పేరుకుంది. ఆల్బన్ ఎక్కడో కింద ముగింపు గీత దగ్గరున్నాడు. ఆ దిబ్బను చూశాక బుర్గి కళ్ళు వేరే దేన్నీ చూడలేదు. పక్కన నిలబడ్డ ఎవరి చేతిలోంచో పార తీసుకుంది. వాళ్ళూ ఇచ్చారు. బుర్గి చెయ్యి చాపితే పార ఇవ్వడం ఈ ఊళ్ళో అందరికీ పుట్టుకతో వచ్చిన అలవాటు. స్కీలు అడ్డం పెట్టి జారింది. దిబ్బను తుడిచింది. ఆ కింది గేటులో గడ కదులుతోంది, మడమతో అదిమింది. ఇంకో రెండు గేట్లు దిగి, అక్కడి గరుకును చదును చేసింది. ఏదో కూనిరాగం కూడా తీస్తోందని తర్వాత చెప్పుకున్నారు. వాలంతా ఆమెను చూస్తోంది, ఎవరికీ ఏమీ తప్పుగా తోచలేదు. రోజూ ఉదయించే దాన్ని చూసి ఎవరు ఆశ్చర్యపోతారు?

కాసియన్‌కు మాత్రం మైకు చేతిలో ఉంది.

"నంబరు వేసుకుని మూసిన దారిలో తిరుగుతున్నవారెవరో గాని వెంటనే బయటికి రావాలి! నంబరు ఒకటి! మీరు పందెం నుంచి..." గొంతు ఆగింది. మైకు గరగరమంది. "అయ్యో, బుర్గీ."

ఆ అయ్యో ఎదురుకొండకు తగిలి, సోన్‌బర్గ్ ఎండలో కాస్త వేడెక్కి, మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. బుర్గి తల వంచి తన రొమ్ము మీది అంకెను చూసుకుంది. చాలాసేపు చూసింది.

నిర్ణయం చెప్పాల్సినవాళ్ళు ముగ్గురు. న్యాయనిర్ణేత ఎల్మార్, దారి బాధ్యత చూస్తున్న ఆల్బన్, బయటి క్లబ్బుల తరఫున రోమెడ్. గీత పక్కన, నా గడియారం గది కిటికీ ముందే నిలబడ్డారు. బుర్గి పారతో సహా వాళ్ళ ముందుకొచ్చింది.

"నేనేం చూడలేదు," అన్నాడు రోమెడ్ వెంటనే. "కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది."

"నీకు కళ్ళద్దాలెక్కడివిరా?"

"అందుకే చూడలేదు."

"నేను అటు తిరిగి ఉన్నాను," అన్నాడు ఆల్బన్.

ఎల్మార్ గొంతు సవరించుకున్నాడు. "పనివాళ్ళకు దారిలో ఉండే హక్కుంది. బుర్గి ఇన్నేళ్ళుగా పని చేస్తోంది కాబట్టి..."

"ఇవాళ నేను పనిదాన్నా, ఆటదాన్నా?" అంది బుర్గి. "నంబరు ఉందా, లేదా?"

"ఉందనుకో..."

"దారి మూశారా, లేదా?"

"మూశారు. కానీ నువ్వు పక్కగా జారావే గాని గేట్ల మధ్య నుంచి దిగలేదు కదా, లాభం పొందలేదు, పైగా అందరికీ..."

"పోయిన నెల రోమెడ్ మనవరాలు జారిపడ్డ చేతి తొడుగు కోసం మూసిన దారిలోకి వస్తే ఏం చేశాను? ఇంటికి పంపాను. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పోయింది. ఆ పిల్లకు లేని 'కానీ' నాకెక్కడి నుంచి వచ్చింది?"

"అది రెండ్రోజులు అన్నం తినలేదు," అని ఒప్పుకున్నాడు రోమెడ్. "మూడోరోజు నిన్ను తిట్టి తినింది. అయినా బుర్గీ, నీతో పందెం లేకుండా నేను ఇంటికెళ్ళి ఏం గొప్పలు చెప్పుకోను? నోరు మూసుకుని పైకి పో."

"రాయి," అంది బుర్గి ఎల్మార్‌తో.

ఎల్మార్ రాయలేక ఆకాశం వైపు చూశాడు. చివరికి రాశాడు. బుర్గి నంబరు గుడ్డ విప్పి, ముడతలు సరిచేసి, అతని చేతికిచ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, పార భుజాన వేసుకుని, ఐదో గేటు వైపు నడిచింది. "చలి," అంది ఎవరూ అడక్కుండానే.

పందెం జరిగింది. ఆడవాళ్ళు దిగారు, మగవాళ్ళు దిగారు. రోమెడ్ దిగాడు, చేతులు బార్లా చాపి, కొమ్మ మీద వాలబోయి మనసు మార్చుకున్న కాకిలా. కాసియన్ అందరి పేర్లూ చెప్పాడు, సమయాలు చెప్పాడు, ఒక్క జోకూ వేయలేదు. ప్రతి నలుగురికీ ఒకసారి బుర్గి దారి తుడిచింది. మా అరవై దాటిన ఆడవాళ్ళ గుంపులో సున్నా పడింది. లోయ కప్పు ఆ ఏడూ ఎండ ఒడ్డుకే పోతుందని అప్పటికే అందరికీ అర్థమైపోయింది.

ఆఖరివాడు గీత దాటాడు. సత్రం నుంచి వేడి సూప్ వాసన వాలెక్కి వచ్చింది. బుర్గి కిందినుంచి గడలు పీకడానికి మొదటి గడ మీద చెయ్యి వేసింది. రోమెడ్ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏయ్ కుర్రాడా," అని పిలిచాడు ఎల్మార్‌ను. "పందెం అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయిపోయాక ఈ వాలు మీద ఎవరు ఏం చేయాలో నీ నియమాల్లో ఉందా?"

ఎల్మార్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహమంతా వెలిగింది. "అయిపోయిన పందెంతో నాకేం సంబంధం? నాకు ఆకలేస్తోంది," అన్నాడు. కానీ సత్రం వైపు కదల్లేదు.

"గాడులు పడ్డ దారి," అంది బుర్గి. "వెలుగు కూడా లేదు."

"అందరూ చెక్కేసిన గాడిలోనే దిగాలే మొదటి ఏడాది," అన్నాడు రోమెడ్. "ఏడుపొస్తే ఏడువు."

నేను గడియారం కట్టేయాలి. కట్టేయలేదు.

కేబుల్ లిఫ్టు ఆమె ఒక్కదాన్నే పైకి మోసుకెళ్ళింది. పొగమంచు దిగి, కొండా ఆకాశమూ కలిసిపోయి, వాలంతా ఒకే తెల్లటి ఊపిరిలా అయింది. అందులో ఎర్రవీ నీలివీ గడలు మాత్రం, ఎవరో మధ్యలో ఆపేసిన వాక్యంలో కామాల్లా నిలబడి ఉన్నాయి. సూప్ చల్లారిపోతున్నా ఒక్కరూ లోపలికి పోలేదు. పోవడం లేదన్న సంగతి ఒకరికొకరు తెలియనివ్వకుండా, బూట్లు బిగించుకుంటున్నట్టు, ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడ్డారు.

మైకు గరగరమంది.

"నంబరు లేదు," అన్నాడు కాసియన్. అతని మామూలు మైకు గొంతు కాదది, వంటింటి గొంతు. "హింటర్‌ఎగ్ క్లబ్బు. నోట్‌బుర్గా క్రానెవిట్టర్. దారి ఆమెదే."

నా గదిలో ఎర్ర దీపం వెలిగింది. పైన బుర్గి కర్ర తోసుకుంది.

మొదట చప్పుడే వచ్చింది, గట్టి మంచు మీద స్కీల అంచులు కోసే చప్పుడు. తర్వాత పొగమంచులోంచి చిన్న చుక్క, చుక్కకు చేతులు, చేతులకు బుర్గి. అందంగా దిగిందని చెప్పను. బరువు వెనక్కి పడుతోంది, గాడుల్లో స్కీలు దడదడలాడుతున్నాయి, జీటా దుస్తులు ఎక్కడో పిగిలాయి కూడా. కానీ ప్రతి గేటునూ ఎరిగినట్టు దిగింది, ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో తెలిసిన ఉత్తరాల మనిషిలా. ఐదో గేటు దాటింది. ఏడో గేటు దగ్గర గడ వంగి ఉంది. ఎవరి భుజమో తగిలి ఒరిగిపోయింది. బుర్గి తల అటు తిరిగింది. అంత వేగంలోనూ చెయ్యి దాని వైపు వెళ్ళింది.

"వదిలెయ్, బుర్గీ!" వాలంతా ఒక్కసారిగా అరిచింది. రెండు ఊళ్ళ గొంతులూ కలిసి.

చెయ్యి వెనక్కొచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక వంకర గడను వంకరగానే వదిలేసి వెళ్ళిపోయింది.

గీత దాటాక ఆగడం తెలీలేదు. ఎంతోమంది ఆగడం చూసింది గాని, ఆగడం తన పని కాదు ఎప్పుడూ. గీత అవతల అడ్డంగా పేర్చిన గడ్డి మూటల్లోకి దూసుకుపోయి కూలబడింది. అందరూ పరిగెత్తారు. గడ్డిలోంచి ముందు నవ్వు వచ్చింది, తర్వాత హెల్మెట్ ఊడిపోయిన తల.

"అటు నుంచి కొండ ఎలా ఉంది?" అని అరిచింది జీటా, చేతికర్ర ఊపుతూ.

"ఏం కనపడితేగా! పొగమంచు," అంది బుర్గి. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం, చెంపల మీద గడ్డి అతుక్కుని ఉంది.

కాసియన్ మైకు కింద పెట్టి, ఎప్పుడూ వదలని తన మైకు గుడిసె వదిలి, గీత దగ్గరికి నడిచి వచ్చి, ఆమె జుట్టులోంచి గడ్డిపరకలు ఒక్కొక్కటే తీస్తూ నిలబడ్డాడు.

జనం సూప్ వైపు వెళ్ళిపోయాక బుర్గి గడలు పీకింది. ఆ వంగినదాన్ని అందరికంటే ఆఖర్న. చీకటి పడేలోగా గడల కట్ట భుజాన వేసుకుని నా గది కిటికీ దగ్గరికొచ్చింది. గడియారం మీది అంకెలు ఇంకా అలాగే వెలుగుతున్నాయి. నేను నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"చెప్పకు. పందెంలో లేని మనిషి సమయం బయటపెట్టకూడదు, నియమం." రెండడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ వెనక్కొచ్చి, గడల కట్ట కిందికి దించి, కిటికీలోకి తల దూర్చి, గొంతు బాగా తగ్గించింది. "అయితే రోమెడ్ ఎంతలో దిగాడో మైకులో లోయంతా విన్నదే కదా, అది అనడంలో తప్పేం లేదు. అది ఒక్కటే అను, అనేసి నా మొహంలోకి చూడు. నవ్వొస్తే నవ్వు, రాకపోతే తలుపేసుకుని సూప్‌కి రా."